గెయిన్ తగ్గించినా గిటార్ నిండుగా మోగాలంటే

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఎలక్ట్రిక్ గిటార్ కొత్తగా పట్టినవాళ్ల కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాం. తెలుగు పత్రిక ఈ విషయానికి ఒక పేజీ ఇవ్వడం మాకు చాలా సంతోషం కలిగించింది. మా ముఖ్యమైన అభ్యంతరం ‘టోన్ పలచగా ఉంటే గెయిన్ పెంచండి’ అన్న వాక్యం మీద. గెయిన్ అంటే ఆంప్‌లోనో పెడల్‌లోనో సిగ్నల్‌ను ఎంత పెంచాలో, దాంతో శబ్దం ఎంత చిట్లాలో నిర్ణయించే నాబ్. మేం బెంగళూరులో గిటార్లు సెటప్ చేస్తాం, చిన్న స్టేజీలకు సౌండ్ చూస్తాం. ఆ సలహా వల్ల ఏం జరుగుతుందో రోజూ మా చెవులతో వింటున్నాం. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు పీజీల్లో, అపార్ట్‌మెంట్లలో ఉంటూ వారాంతాల్లో వాయించుకునే తెలుగు పిల్లలు, చర్చిలో ఆరాధన పాటలకు వాయించేవాళ్లు, ఉగాది వేడుకల్లో ఆర్కెస్ట్రాతో స్టేజీ ఎక్కేవాళ్లు... వీళ్లలో ఎక్కువమందికి మెటల్ డిస్టార్షన్‌తో పనిలేదు. గాయకుడి గొంతు వెనక కాస్త గరుకుగా, నిండుగా నిలబడే గిటార్ కావాలి. అది తక్కువ గెయిన్, మహా అయితే మధ్యస్థ గెయిన్ వ్యవహారం. అక్కడ నిండుదనం గెయిన్ నాబ్‌లో దొరకదు.

ఎక్కువ గెయిన్‌లో గిటార్ ఎందుకంత లావుగా వినిపిస్తుందో ముందు తెలియాలి. డిస్టార్షన్ అంటే సిగ్నల్ శిఖరాలను కోసేయడం. తీగ మీటిన క్షణంలో లేచే పెద్ద దెబ్బ కోతకు గురవుతుంది, ఆ తర్వాత సన్నగిల్లే భాగం పైకి లేస్తుంది. అడక్కుండానే కంప్రెషన్ (గట్టి, మెత్తని శబ్దాల మధ్య తేడా తగ్గడం) వచ్చేస్తుంది, స్వరం చాలాసేపు నిలబడుతుంది. అంతేకాదు, తీగల్లో లేని స్వరాలు కూడా పుడతాయి. ఐదో తీగ ఓపెన్‌గా మీటితే ‘ఏ’ స్వరం, 110 హెర్ట్జ్. దాని పంచమం ‘ఈ’, సుమారు 165 హెర్ట్జ్. రెండూ కలిసి డిస్టార్షన్‌లోంచి వెళ్తే వాటి తేడా 55 హెర్ట్జ్ కూడా బయటికి వస్తుంది. అంటే ఒక ఆక్టేవ్ కింద ఉన్న ‘ఏ’. పవర్ కార్డ్‌కు (మూల స్వరం, పంచమం మాత్రమే ఉన్న కార్డ్‌కు) ఆ బరువు అక్కడినుంచే వస్తుంది. అదే ‘ఏ’తో గాంధారం, అంటే ‘సీ షార్ప్’ కలిపితే తేడా 28.6 హెర్ట్జ్. అది ఏ స్వరానికీ సరిగ్గా చెందదు, శ్రుతి తప్పిన గొణుగుడు. మేజర్ కార్డ్‌ను ఎక్కువ గెయిన్‌లో వాయిస్తే ముద్దగా అయిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ‘గెయిన్ పెంచండి’ అన్న సలహా పాటల్లో పనికిరానిది ఇందుకే. పలచని చారులో కారం పోస్తే చిక్కబడదు, ఘాటెక్కుతుంది.

గెయిన్ తగ్గించగానే ఆ కంప్రెషనూ పోతుంది, ఆ అదనపు స్వరాలూ పోతాయి. మిగిలేది తీగ నిజంగా మోగినంత, పికప్ (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్ట) పట్టుకున్నంత. ఆ లోటును గెయిన్‌కు ముందో, తర్వాతో మనమే పూడ్చాలి. అది సాధ్యమేనని తెలుగువాళ్లకు వేరే రుజువు అక్కర్లేదు. పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ గారు ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద, డిస్టార్షన్ ఊసే లేకుండా, గమకాలతో సహా ఎంత నిండుగా వినిపించారో అందరూ విన్నదే.

తీగల దగ్గర మొదలుపెడదాం. కొత్త గిటార్లు చాలావరకు 9–42 సెట్‌తో వస్తాయి, అంటే సన్న తీగ మందం 0.009, లావు తీగది 0.042 అంగుళం. ఇరవై అయిదున్నర అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) మీద, స్టాండర్డ్ ట్యూనింగ్‌లో ఆ ఆరు తీగల లాగుడు మొత్తం 38, 39 కిలోలు. 10–46 వేస్తే 47 కిలోల దాకా వెళ్తుంది. లావు తీగ పికప్ ముందు ఎక్కువ లోహాన్ని ఆడిస్తుంది, మీటిన దెబ్బకు శ్రుతి తక్కువ ఊగుతుంది, మూల స్వరం గట్టిగా వస్తుంది. అయితే సెట్ మార్చి ఊరుకుంటే కుదరదు. ఆ ఎనిమిది కిలోల తేడాకు మెడ ముందుకు వంగుతుంది. ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి లోహపు కడ్డీని) పావు చుట్టుకు మించకుండా బిగించి, ఒక రోజు ఆగి మళ్లీ చూడాలి. ట్రెమోలో (శ్రుతిని ఊపే కడ్డీ) ఉన్న గిటార్‌లో వెనక స్ప్రింగులు బిగించాలి, మెడ చివర తీగలు ఆనే నట్ గాళ్లలో తీగ ఇరుక్కుంటే వాటిని సరిచేయాలి, చివర్లో ఇంటోనేషన్ (ఫ్రెట్లన్నిటి మీదా శ్రుతి సరిగ్గా ఉండటం) చూసుకోవాలి. ఇవేవీ చేయకుండా ‘లావు తీగలు వేశాం, బాగోలేదు’ అనేవాళ్లే ఎక్కువ. పిక్ (తీగ మీటే బిళ్ల) కూడా అంతే ముఖ్యం. 0.46 మి.మీ. పల్చటి పిక్‌తో మీటితే టకటక శబ్దమే ముందుంటుంది. ఒక మిల్లీమీటరు పైన మందం తీసుకుని, బ్రిడ్జ్ దగ్గర కాకుండా నెక్ పికప్ వైపు జరిగి మీటితే పెద్దగా ఖర్చు లేకుండా సగం తేడా వస్తుంది.

పికప్ ఎత్తు గురించి కొంచెం ఎక్కువే రాయాలి. మా దగ్గరికి ‘టోన్ సన్నగా ఉంది’ అని వచ్చే గిటార్లలో తరచుగా తేలే తప్పు ఇదే. కొలిచే పద్ధతి ఇది: లావు ‘ఈ’ తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, తీగ అడుగు నుంచి పికప్ ధ్రువం పైభాగం దాకా స్టీలు స్కేలుతో చూడాలి. సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న పికప్) అయితే లావు వైపు 2.4 మి.మీ., సన్న వైపు 2 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి. హంబకర్ (రెండు చుట్టలున్నది) అయితే లావు వైపు 2.4, సన్న వైపు 1.6. పికప్‌కు రెండు పక్కలా ఉన్న స్క్రూను గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే పికప్ పైకి వస్తుంది. ఒకసారికి అర చుట్టు మాత్రమే తిప్పి, వాయించి వినాలి.

దగ్గరైతే లావుగా ఉంటుంది కదా అని సింగిల్ కాయిల్‌ను తీగకు ఆనేంత పైకి లేపేవాళ్లున్నారు. దాని అయస్కాంతాలు నేరుగా తీగల కిందే ఉంటాయి. మరీ దగ్గరైతే తీగను లాగుతాయి. లావు తీగ మీద పన్నెండో ఫ్రెట్ పైన నొక్కి మీటి చూడండి, ఒక్క స్వరంలోనే రెండు శ్రుతులు కొట్టుకుంటున్నట్టు ఊగుతుంది. సస్టెయిన్ (స్వరం నిలబడే సేపు) తగ్గుతుంది, ఇంటోనేషన్ ఎంత సరిచేసినా కుదరదు. తక్కువ గెయిన్‌లో ఈ ఊగుడు స్పష్టంగా బయటపడుతుంది. మరీ కిందికి దించితే అవుట్‌పుట్ పడిపోయి గిటార్ దూరంగా, నీరసంగా ఉంటుంది. నెక్ పికప్, బ్రిడ్జ్ పికప్ శబ్దాలు మార్చి మార్చి విన్నప్పుడు గట్టితనం సమంగా ఉండాలి. బ్రిడ్జ్ దగ్గర తీగ తక్కువ ఊగుతుంది కాబట్టి అక్కడి పికప్ కాస్త పైకే ఉండాలి. ముందు నెక్ పికప్‌ను సరైన చోట పెట్టుకుని, తర్వాత బ్రిడ్జ్‌ను దానికి తగ్గట్టు లేపడం మా పద్ధతి.

లోపల, నాబ్‌ల కింద ఉన్న పాట్‌లు (తిప్పితే నిరోధం మారే భాగాలు) కూడా చూడాలి. సింగిల్ కాయిల్‌కు 250 కిలోఓమ్, హంబకర్‌కు 500 కిలోఓమ్ వాడటం రివాజు. చవక గిటార్లలో సింగిల్ కాయిల్‌కు కూడా 500 బిగించినవి కనిపిస్తుంటాయి. అప్పుడు పై స్వరాలు కీచుమంటాయి, దాంతో కిందివి పలచబడ్డట్టు అనిపిస్తుంది. పాట్ మార్చడం ఇష్టం లేకపోతే వాల్యూమ్ పాట్ ఇన్‌పుట్ కాలికీ గ్రౌండ్ కాలికీ మధ్య 470 కిలోఓమ్ రెసిస్టర్ సోల్డర్ చేయండి. రెండూ కలిసి 242 కిలోఓమ్ అవుతుంది.

ఇంకో చిన్న పని ఉంది. సింగిల్ కాయిల్ పికప్ ఇండక్టెన్స్ (పై స్వరాలకు చుట్ట అడ్డుపడే గుణం) సుమారు 2.5 హెన్రీ. అయిదు మీటర్ల కేబుల్, కాయిల్ సొంత కెపాసిటెన్స్ కలిపి 600 పికోఫారడ్ అనుకుందాం. ఈ రెండింటి వల్ల 4.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక శిఖరం ఏర్పడుతుంది. ఆ గిటార్ గొంతు మెరుపు అదే, పలచదనమూ అదే. హంబకర్‌కు ఇండక్టెన్స్ ఎక్కువ కాబట్టి అదే కేబుల్‌తో శిఖరం 3 కిలోహెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. సింగిల్ కాయిల్‌లో వాల్యూమ్ పాట్ అవుట్‌పుట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 470 పికోఫారడ్ కెపాసిటర్ వేస్తే శిఖరం 3.1 కిలోహెర్ట్జ్‌కు జారుతుంది. టోన్ నాబ్ తగ్గిస్తే శిఖరం అణిగిపోయి శబ్దం మొద్దుబారుతుంది. ఇక్కడ శిఖరం అణగదు, కిందికి జరుగుతుంది, అందుకే స్వరం చిక్కబడుతుంది కానీ మసకబారదు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఏ ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణంలోనైనా 471 అని ముద్రించిన సెరామిక్ డిస్క్ అడగండి, టీ ఖరీదుకు వస్తుంది. వైర్‌లెస్ వాడేవాళ్లకు ఇది మరీ అవసరం. కేబుల్ పోయిందంటే దాని కెపాసిటెన్సూ పోయినట్టే. వైర్‌లెస్‌కు మారాక గిటార్ పదునెక్కి పలచబడిందన్న ఫిర్యాదుకు మూలం ఇదే.

ఇక ఆంప్. మీ వ్యాసంలోని పట్టికలో బాస్ 7, మిడ్ 4, ట్రెబుల్ 7 అని ఇచ్చారు. ఒంటరిగా గదిలో వాయిస్తే ఇది బాగానే ఉంటుంది, బ్యాండ్‌లో మాత్రం మాయమైపోతుంది. గిటార్ ఒంట్లో బలం 200 నుంచి 800 హెర్ట్జ్ మధ్యే ఉంటుంది. ఆరో తీగ ఓపెన్ స్వరమే 82.4 హెర్ట్జ్. అంతకంటే కింద గిటార్‌లో సంగీతం లేదు, చేతి తాకిడి చప్పుడే ఉంటుంది. 80 నుంచి 150 వరకు బేస్ గిటార్, కిక్ డ్రమ్, మన ఆర్కెస్ట్రాల్లో అయితే డోలక్, కీబోర్డు ఎడమ చెయ్యి ఆక్రమించి ఉంటాయి. ఆ చోటికి గిటార్‌ను కూడా తోస్తే అందరూ ముద్దవుతారు.

ఫెండర్ తరహా ఆంప్‌లలో టోన్ సర్క్యూట్ స్వభావమే మిడ్‌ను తవ్వేయడం. మూడు నాబ్‌లూ 5 మీద పెడితే అది సమానంగా ఉన్నట్టు కాదు, మధ్యలో గొయ్యి ఉంటుంది. గొయ్యి పూడాలంటే మిడ్ 8 నుంచి 10, బాస్ 2 లేదా 3, ట్రెబుల్ 3 లేదా 4 పెట్టి, తగ్గిన శబ్దాన్ని వాల్యూమ్‌తో తెచ్చుకోవాలి. నంబర్లు చూసి భయపడకండి, చెవితో వినండి. మిడ్ నాబ్ లేని చిన్న ఆంప్‌లలో బాస్, ట్రెబుల్ రెండూ తగ్గించడమే మిడ్ పెంచడం. ఏడు బ్యాండ్ల ఈక్వలైజర్ పెడల్ (స్వరాల ఏడు పట్టీలను విడివిడిగా పెంచి తగ్గించేది) ఉంటే 100 దగ్గర 2 డెసిబెల్ తగ్గించి, 400 దగ్గర 2, 800 దగ్గర 4 పెంచి, 6.4 కిలోహెర్ట్జ్ దగ్గర 4 తగ్గించి మొదలుపెట్టండి. దాన్ని డ్రైవ్ పెడల్ ముందు పెడితే ఏ స్వరాలు చిట్లాలో (డిస్టార్ట్ కావాలో) నిర్ణయిస్తుంది, తర్వాత పెడితే మొత్తం రంగు మారుస్తుంది. తక్కువ గెయిన్‌కు ముందు పెట్టడమే మాకు నచ్చుతుంది. మిడ్ కొద్దిగా చిట్లి, బాస్ శుభ్రంగా ఉండిపోతుంది.

డ్రైవ్ పెడల్ (శబ్దాన్ని కొద్దిగా చిట్లించే పెడల్) విషయంలో అందరూ ముందుగా కొనేది ట్యూబ్ స్క్రీమర్ లేదా దాని నకలు. మంచి పెడలే, కానీ దాని పనేమిటో తెలిసి వాడాలి. క్లిప్పింగ్ దశలో 4.7 కిలోఓమ్ రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. ఆ గీతకు కింద గెయిన్ క్రమంగా తగ్గిపోతుంది. అందుకే ఎక్కువ గెయిన్ ఆంప్ ముందు అది బాస్‌ను బిగించి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. క్లీన్ ఆంప్ ముందు ఒంటరిగా పెడితే ముక్కుతో పాడినట్టు సన్నబడుతుంది. సోల్డరింగ్ వచ్చినవాళ్లు ఆ కెపాసిటర్‌ను 0.1 మైక్రోఫారడ్‌కు మారిస్తే గీత 340 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది, ఛాతీ వస్తుంది. సోల్డరింగ్ రానివాళ్లు రెండు పెడళ్లు కలిపి వాడొచ్చు. ముందు ట్యూబ్ స్క్రీమర్, డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ (నాబ్ గీతను గడియారం ముల్లు అనుకుంటే) ఒంటిగంట దగ్గర. దాని తర్వాత బాస్‌ను కోయని పెడల్, బాస్ కంపెనీ బ్లూస్ డ్రైవర్ లాంటిది, గెయిన్ తొమ్మిది, పది గంటల మధ్య. ఒక్క పెడల్‌ను ఎక్కువ చిట్లించడం కంటే రెండింటిని కొద్దికొద్దిగా చిట్లిస్తే శిఖరాలు మెల్లగా గుండ్రబడతాయి, కార్డ్‌లో స్వరాలు విడివిడిగా నిలుస్తాయి. ఇంత చేశాక గిటార్ వాల్యూమ్ 7కు తగ్గిస్తే దాదాపు క్లీన్, 10కి పెంచితే క్రంచ్ (కొద్దిపాటి గరుకు) రావాలి. రాలేదంటే గెయిన్ ఇంకా ఎక్కువుందన్నమాట.

కంప్రెసర్‌ను డ్రైవ్‌కు ముందే పెట్టాలి. పోగొట్టుకున్న కంప్రెషన్‌ను కొలత ప్రకారం తిరిగి తెచ్చుకోవడానికి అది. రేషియో 3కి 1 లేదా 4కి 1, గట్టిగా మీటినప్పుడు 4 నుంచి 6 డెసిబెల్ తగ్గింపు, అటాక్ (తగ్గింపు మొదలవడానికి పట్టే సమయం) 20, 30 మిల్లీసెకన్లు, రిలీజ్ (తగ్గింపు వదలడానికి పట్టే సమయం) 200 దగ్గర. అటాక్ మరీ వేగంగా పెడితే మీటిన దెబ్బ చచ్చిపోయి గిటార్ వెనక్కి వెళ్లిపోతుంది. చాలామంది ‘కంప్రెసర్ నాకు పడదు’ అనడానికి కారణం ఈ ఒక్క నాబే. బ్లెండ్ (అసలు సిగ్నల్‌ను కలిపే నాబ్) ఉన్న పెడల్ అయితే సగం పెట్టి చూడండి.

స్పీకర్ విషయంలో భౌతికశాస్త్రంతో పోట్లాడి లాభం లేదు. ఆరున్నర, ఎనిమిది అంగుళాల స్పీకర్ ఉన్న ప్రాక్టీస్ ఆంప్ లోతైన బాస్ ఇవ్వలేదు. బాస్ నాబ్ తిప్పితే కోన్ కొట్టుకుంటుంది, అంతే. ఆంప్‌ను కుర్చీ మీంచి తీసి నేల మీద, గోడకు చేరువగా పెట్టండి. గోడ, నేల తోడై కింది స్వరాలు 3 నుంచి 6 డెసిబెల్ దాకా లేస్తాయి. ముఖం పైకి వాల్చి చెవి వైపు తిప్పండి. పిక్కలకు తగిలే శబ్దం విని ట్రెబుల్ పెంచుకుంటూ పోయేవాళ్లు ఎదురుగా కూర్చున్న శ్రోతల చెవులు కోస్తున్నారు.

ఇప్పుడు మాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. చర్చిల్లో, కల్యాణ మండపాల్లో, అపార్ట్‌మెంట్ వేడుకల్లో గిటార్ జాక్‌ను నేరుగా మిక్సర్‌లోకి గుచ్చేస్తారు. సింగిల్ కాయిల్ పికప్ ఇండక్టెన్స్ 2.5 హెన్రీ అని పైన చెప్పాం. 3 కిలోహెర్ట్జ్ దగ్గర అది 47 కిలోఓమ్ అడ్డుపడుతుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సుమారు 10 కిలోఓమ్ మాత్రమే. పై స్వరాల్లో ఎక్కువ భాగం పికప్‌లోనే ఆగిపోతుంది. శబ్దం మొద్దుగా, ప్రాణం లేకుండా వస్తుంది. ఆపరేటర్ పాపం ట్రెబుల్ పెంచుతాడు, గుస్సుమనే శబ్దం పెరుగుతుంది కానీ గిటార్ రాదు. గిటార్‌కు ఒక మెగాఓమ్ ఇన్‌పుట్ కావాలి. మిక్సర్‌లో హై-జెడ్ బటన్ (ఇన్‌పుట్‌ను గిటార్‌కు తగ్గట్టు మార్చేది) ఉంటే అది నొక్కాలి, లేకపోతే యాక్టివ్ డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపోయేలా మార్చే, కరెంటుతో పనిచేసే పెట్టె) పెట్టాలి. పాసివ్ డీఐ కీబోర్డుకు సరిపోతుంది, పికప్‌కు అంత మంచిది కాదు.

మధ్యలో డ్రైవ్ పెడల్ ఉంటే ఈ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) సమస్య తీరుతుంది, కానీ ఇంకోటి మొదలవుతుంది. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా ఏమీ ఇవ్వదు. పీఏ (హాలు సౌండ్ సిస్టమ్) బాక్సులోని హార్న్ 15 కిలోహెర్ట్జ్ దాకా అన్నీ ఇస్తుంది. ఆంప్‌లో వినపడని ఇసుక గరగర అంతా హాలు నిండుతుంది, దాని పక్కన ఒళ్లు పలచగా అనిపిస్తుంది. కాబట్టి పెడల్ తర్వాత క్యాబినెట్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్ వడపోతను అనుకరించేది) తప్పనిసరి. మల్టీ ఎఫెక్ట్స్ ఉన్నవాళ్లు అందులో లో-కట్ 80, హై-కట్ 5 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి. అదే యూనిట్‌ను మామూలు ఆంప్ ముందు గుచ్చినప్పుడు క్యాబ్ సిమ్యులేషన్ ఆపడం మరిచిపోవద్దు. రెండు స్పీకర్ల వడపోత ఒకదాని మీద ఒకటి పడితే శబ్దం గొంతులోనే ఆగిపోతుంది. అవుట్‌పుట్ సెట్టింగ్ లైన్ మీద ఉందా, ఆంప్ మీద ఉందా అన్నది ప్రతి సౌండ్ చెక్‌లో మేం మొదట అడిగే ప్రశ్న.

ఇంట్లో చేసుకున్న టోన్ స్టేజీ మీద ఎందుకు పాడవుతుందన్నది కూడా ఇక్కడే చెప్పాలి. శబ్దం తక్కువున్నప్పుడు మన చెవి బాస్‌ను సరిగ్గా పట్టుకోదు. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లను ఇబ్బంది పెట్టకుండా రాత్రి పూట సన్నగా వాయిస్తూ సెట్ చేసుకుంటే బాస్ ఎక్కువ, మిడ్ తక్కువ పెట్టుకోవడం ఖాయం. స్టేజీ మీద అదే ప్యాచ్ (దాచుకున్న సెట్టింగుల సెట్) గుమ్మని మోగి, మాట వినపడదు. ఇంటికొకటి, స్టేజీకొకటి దాచుకోండి. స్టేజీదానిలో బాస్ మూడో వంతు తగ్గించి, మిడ్ కాస్త పెంచి పెట్టండి. ఒంటరిగా వింటే అది అంత అందంగా ఉండకపోవచ్చు. డ్రమ్స్ మొదలయ్యాక చూడండి.

డిలే (స్వరాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించేది), రివర్బ్ (గది మోత) గురించి క్లుప్తంగా. 90 నుంచి 120 మిల్లీసెకన్ల ఒక్క రిపీట్, మిక్స్ 15 శాతం, పైన చిన్న గది రివర్బ్ ఉంటే చాలు. రివర్బ్‌లో 200 హెర్ట్జ్ కింద కోసేయండి. మోనోలో వాయించేటప్పుడు ఒకటి రెండు మిల్లీసెకన్ల డిలేతో ‘డబ్లింగ్’ చేయొద్దు. ఒక మిల్లీసెకను తేడాతో, సమాన మట్టంలో కలిపితే 500 హెర్ట్జ్ దగ్గర పూర్తిగా రద్దవుతుంది. మీరు కష్టపడి తెచ్చుకున్న ఒళ్లు సరిగ్గా అక్కడే ఉంది. రికార్డింగ్‌లో అయితే డిలే మాయ అక్కర్లేదు. అదే భాగాన్ని నిజంగా రెండోసారి వాయించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెట్టండి. రెండింట్లోనూ గెయిన్ మామూలు కంటే తగ్గించాలి, కలిసినప్పుడు అదే చిక్కబడుతుంది.

చివరగా హమ్. కంప్రెసర్, రెండు డ్రైవ్‌లు పెట్టాక సింగిల్ కాయిల్ గుయ్‌మనడం సహజం. పెడళ్లన్నిటికీ ఒకే అడాప్టర్ నుంచి గొలుసుగా కరెంటు ఇస్తే డిజిటల్ పెడల్ కీచు మిగతావాటిలోకి పాకుతుంది, విడివిడి ఐసొలేటెడ్ అవుట్‌పుట్లున్న సప్లై వాడాలి. లాప్‌టాప్ చార్జర్, ఎల్ఈడీ డిమ్మర్లకు దూరంగా, గిటార్‌ను పక్కకు తిప్పి నిలబడితే కొంత తగ్గుతుంది. నాయిస్ గేట్‌ను (శబ్దం తగ్గగానే సిగ్నల్‌ను మూసేసేదాన్ని) ఎక్కువ బిగిస్తే సస్టెయిన్ తోక తెగిపోతుంది, తక్కువ గెయిన్ టోన్‌లో అది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

హమ్ పోవాలని ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరిచేసినవాళ్లను, మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాం. దయచేసి దీన్ని మాత్రం పెద్ద అక్షరాల్లో వేయండి. గిటార్ తీగలు కేబుల్ గుండా ఆంప్ చాసీకి కలిసి ఉంటాయి. ఆంప్‌లో లోపం వస్తే 230 వోల్టులు తీగల మీదికి వస్తాయి, ఎదురుగా ఉన్న మైక్ మిక్సర్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది, పెదవి మైక్‌కు తగిలిన క్షణాన కరెంటు గుండె మీదుగా వెళ్తుంది. గ్రౌండ్ లూప్ హమ్ (పరికరాల ఎర్త్‌లు రెండు దారుల్లో కలవడం వల్ల వచ్చేది) అయితే డీఐ బాక్స్‌లో గ్రౌండ్ లిఫ్ట్ బటన్ ఉంటుంది. అది సిగ్నల్ ఎర్త్‌ను మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు. కొత్త వేదిక మీద వాయించే ముందు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి ఒక కొన గిటార్ బ్రిడ్జ్‌కు, ఇంకో కొన మైక్ జాలీకి తాకించండి. ఒకటి రెండు వోల్టుల లోపు ఉండాలి. పదుల్లో చూపిస్తే అది రెండు పిన్నుల అడాప్టర్ లీకేజీ మాత్రమే కావచ్చు, నిజమైన లోపమూ కావచ్చు. ఎలక్ట్రీషియన్ వచ్చి తేల్చేదాకా ఆ మైక్‌నూ, ఆ గిటార్‌నూ కలిపి ముట్టుకోవద్దు.

ఇట్లు,
గిటార్ సెటప్, లైవ్ సౌండ్ పనిలో ఉన్న ఇద్దరు పాఠకులు,
బెంగళూరు